నోట్ల చదువు

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు వారు 2017వ సంవత్సరమున తమ పది పౌండ్ల నోటుపై జేన్ ఆస్టెన్ అను నవలారచయిత్రి చిత్రమును ముద్రించిరి. ఆమె 1817వ సంవత్సరమున గతించినది గావున, రెండు శతాబ్దములు నిండిన సమయమున ఈ గౌరవము జరిగినది. చిత్రము క్రింద, ఆమె రచించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అను నవల నుండి ఒక వాక్యమును గూడ ఎత్తి వ్రాసిరి. పుస్తకపఠనమునకు సాటి వచ్చు సుఖము వేరొకటి లేదని ఆ వాక్యమునకు తాత్పర్యము. వినుటకు సొంపుగనే యున్నది. కాని నవలలో ఆ మాట పలికిన దెవరు? కారొలిన్ బింగ్లీ యను ధనవంతురాలు. ఆమెకు పుస్తకములన్న ప్రీతి లేదు. డార్సీ చదువుచున్న గ్రంథమునకు రెండవ సంపుటమగుటచేతనే ఆమె యొక పుస్తకమును చేత బట్టినది. అతని చూపు తనపై నిలుపుటకు యత్నించి, విసిగి, ఆవులించి, ఈ మాట పలికినది. ఎవరును బదులు చెప్పరైరి. మరల ఆవులించి పుస్తకమును ప్రక్కకు విసరివైచినది. చదువని స్త్రీ పలికిన కపటవాక్యము చదువును కీర్తించు బిరుదాంకమైనది! నోటును అచ్చొత్తించిన వారిలో నవలను చదివినవారు లేరా యని లోకము నవ్వినది.

ఈ ముచ్చట విని మన పాఠకులును నవ్వుకొనవచ్చును. తొందరపడవలదు. వారు నోటుమీద చేసిన పనినే మనము నోట్సులో చేయుచున్నాము. ఆంగ్లసాహిత్యము చదువు మన విద్యార్థులకు ఈ నవల చిరపరిచితము. అంగడిలో దొరకు పలుచని పుస్తకమును కొని, పరీక్షకు ముందు రెండు రాత్రులు మేలుకొని, డార్సీది గర్వము, ఎలిజబెత్తుది దురభిప్రాయము, ఇరువురును తమ తమ దోషములను దిద్దుకొనిరి, పెండ్లి జరిగినది, శుభము అని వ్రాసివచ్చుటయే మనము ఎరిగిన నవలాధ్యయనము. మేమును ఈ పాపమున భాగస్వాములమే. పాతికేండ్ల క్రిందట కళాశాలలో మేము ఆ నోట్సునే కంఠస్థము చేసి, మంచి గుణములతో ఉత్తీర్ణులమైతిమి. నవలను మాత్రము చదువలేదు. అందు ఒక కుటుంబము యొక్క ఆస్తివ్యవహారము గలదన్న సంగతి న్యాయవాదవృత్తిలో ప్రవేశించి పదేండ్లు గడచిన పిమ్మట గాని మాకు తెలియలేదు.

తెలిసిన విధము చెప్పెదము. మేము పనిచేయు పఠనమందిరమున ఆదివారములయందు ఒకరు చదువగా పదిమంది విను వాడుక గలదు. ఒకమారు ఈ నవల కథను అధ్యాయముల వారీగా తెలుగున చెప్పుచుంటిమి. నృత్యగోష్ఠి వర్ణనము ముగిసినది; డార్సీ అహంకారమును గూర్చి మేము రెండు మంచిమాటలు చెప్పబోవుచుంటిమి. ఇంతలో వెనుక బల్లపై గూర్చున్న వృద్ధుడొకరు లేచి, "అది సరేనండీ వకీలుగారూ, ఆ అయిదుగురు ఆడపిల్లలకూ తలకెంత వస్తుందో చెప్పారు కారు" అనెను. సభ నవ్వినది. మేము నవ్వలేకపోతిమి. మా అధ్యాపకులు అడుగని ప్రశ్నను, మా నోట్సులో లేని ప్రశ్నను, ఆయన అడిగెను. నవలకు తాళపుచెవి ఆ ప్రశ్నయే.

లెక్క చూతము. బెన్నెట్ అను గృహస్థునకు లాంగ్‌బోర్ను ఎస్టేటుపై ఏటికి 2,000 పౌండ్ల రాబడి గలదు. భార్యయు, అయిదుగురు కుమార్తెలును గలరు; కొడుకు లేడు. ఆ ఎస్టేటు ఎన్‌టెయిల్ అను కట్టుబాటునకు లోబడినది. అనగా పూర్వులు వ్రాసిన పత్రము ననుసరించి అది మగసంతతికే చెందవలెను, ఆడపిల్లలకు చెందరాదు. కావున బెన్నెట్ కన్ను మూసిన మరుక్షణమున ఇల్లును, భూమియు దూరపు జ్ఞాతియగు కాలిన్సు అను మతాచార్యుని పాలగును. తల్లికిని పిల్లలకును వివాహకాలపు ఒడంబడిక వలన దక్కునది 5,000 పౌండ్లు. తలకు 1,000. నూటికి నాలుగు వడ్డీ చొప్పున ఏటికి 40 పౌండ్లు! నిన్నటిదాక 2,000 పౌండ్లపై బ్రతికిన సంసారము రేపు 200 పౌండ్లపై, అదియు అద్దెయింట, బ్రతుకవలెను. తండ్రి ఊపిరి ఒక్కటియే ఆ ఇంటికి పైకప్పు. ఈ సంగతి యెరిగినచో, బెన్నెట్ భార్య ఏల పెండ్లి పెండ్లి యని పలవరించుచున్నదో బోధపడును. నోట్సులు ఆమెను వట్టి వెర్రిబాగులదిగా చిత్రించి విద్యార్థులను నవ్వించుచున్నవి. ఆమె తెలివితక్కువది కావచ్చును. కాని ఆ ఇంట ప్రమాదమును తలచి నిదురపట్టని దామె యొక్కతెయే.

మరి తెలివిగల తండ్రి యేమి చేసెను? తన పుస్తకశాలలో గూర్చుండి చమత్కారములాడెను. కొడుకు పుట్టును, వానికి యుక్తవయస్సు వచ్చును, ఇరువురము గలసి ఎన్‌టెయిలును తెగగొట్టుదుము అని మొదట ఎదురుచూచెను. కొడుకు పుట్టలేదు. ఆ పిమ్మట పొదుపునకు కాలము మించినదని చేతులు ముడుచుకొనెను. వారి దాంపత్యము ఇరువదిమూడేండ్లది. ఏటికి 200 పౌండ్లు ఓరగా నుంచియున్నచో, వడ్డీ లేకయే 4,600 పౌండ్లు కూడియుండును. పిల్లల భాగము రమారమి రెట్టింపయ్యెడిది. అట్లు చేయనందుననే చిన్నకూతురు లిడియా పదునారేండ్ల ప్రాయమున విక్‌హామ్ అను అప్పులవానితో లేచిపోయిన నాడు, ఇంటి మానము నిలుపుటకు ఇతరుని ధనము కావలసివచ్చినది. వాని అప్పులు తీర్చి, ఆమె పేర వేయి పౌండ్లు వ్రాయించి, వానికి సైన్యమున ఉద్యోగము కొనిపెట్టినవాడు డార్సీ. మాటకారితనము గల తండ్రి పాఠకునకు ప్రియుడగుట సహజము. కాని లెక్క ముందు చమత్కారము చెల్లదు. ఈ తీర్పు నవలాకర్త్రిదే. మేము చెప్పునది కాదు.

ఎన్‌టెయిలు దైవనిర్మితమా? కాదు. అదే నవలలో డార్సీ తల్లికి తోబుట్టువగు లేడీ కేథరిన్ తన అత్తవారి వంశమున ఆడసంతతిని తొలగించు అవసరము కనబడలేదని నిండుసభలో చెప్పును. ఆమె మహాసౌధమునకు ఆమె కూతురే వారసురాలు. నవలయందెల్ల అత్యంత గర్విష్ఠురాలగు స్త్రీ నోట ఈ సత్యమును చెప్పించుట ఎంత గడుసుదనము! ఆడపిల్ల నోరు కొట్టిన పత్రము ఒక పూర్వుడు కలము పట్టి వ్రాసినది. మరియొక పూర్వుడు అదే కలముతో వ్రాయక మానెను. శాసనమును ప్రకృతి యని మనకు నమ్మబలుకువారు ఈ రెండు ఇండ్లను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

ఇక పెండ్లిమాట. ఇంటికి వారసుడగు కాలిన్సు వచ్చి ఎలిజబెత్తును అడుగును. ఒప్పుకొన్నచో తల్లికి, చెల్లెండ్రకు నీడ నిలుచును. ఆమె ఒప్పుకొనలేదు. నీకున్న అల్పధనమునకు మరియొకడు అడుగునన్న నమ్మకము లేదని అతడు ముఖముననే చెప్పెను, అది నిజమే. అటుపిమ్మట ఏటికి 10,000 పౌండ్ల రాబడిగల డార్సీ, ఆమె కులమును, బంధువులను తక్కువచేసి మాటలాడుచునే అడిగెను. అతనినిగూడ త్రోసివైచినది. ఇరువదేండ్ల పిల్ల, తన పాలిటికి ఏటికి 40 పౌండ్లని యెరిగియుండియు, రెండుమారులు వలదన్నది. లెక్క తెలియని పాఠకునకు ఇది బెట్టు. తెలిసినవానికి ఇది పౌరుషము. ఆమె నెచ్చెలి షార్లట్ లూకస్ మాత్రము ఇరువదియేడేండ్లది. ధనము లేదు, అందము లేదు. అదే కాలిన్సును కనులు తెరచియే వరించినది. ఆ వార్త విని ఆమె తమ్ముల గుండెబరువు తీరినది. అక్క అవివాహితగా తమకు భారమై మిగులునేమో యన్న బెదరు వారికి పోయినది. ఆ ఒక్క మాట వ్రాసి రచయిత్రి ముందుకు సాగిపోవును. షార్లటును నిందింపదు. మేమును నిందింపము. మునుగుచున్నవాడు చేతికందిన కొయ్యను పట్టుకొనును. కొయ్య యందమును విమర్శించుట ఒడ్డున నున్నవారి వినోదము.

అంతస్తుల బండారమును గూడ ఇట్లే బయట పెట్టినది. బింగ్లీ సోదరీమణులు వ్యాపారస్థులను చూచి ముక్కు విరుతురు. వారి చేతనున్న సొమ్ము వ్యాపారమున వచ్చినదే యన్న సంగతి మరతురు. ఎలిజబెత్ పినతండ్రి ఒకడు పల్లెటూరి అటార్నీ యనియు, మేనమామ లండనులో సరకుల కొట్ల చెంత కాపురముండు వర్తకుడనియు ఎగతాళి చేయుదురు. మా వృత్తివారికి ఆ కాలమున గల గౌరవమును జూచి మేమును కొంత నొచ్చుకొంటిమి! కాని కథ ముగియునాటికి ఆ వర్తకుడగు గార్డినరే అందరికంటె మర్యాదస్థుడని తేలును. డార్సీ తల్లికి తోబుట్టువు, ఎవరును అడుగకయే ఇతరుల ఇండ్లలో తీర్పులు చెప్పు మహారాణి, మర్యాదకు ఆమడదూరమున నిలుచును. పుట్టుక వేరు, నడత వేరు అని గ్రంథమెల్ల ఘోషించుచుండగా, మన నోట్సు 'ఆనాటి మర్యాదలు' అను శీర్షిక క్రింద దుస్తులను, నృత్యములను వర్ణించి తృప్తిపడుచున్నది.

ఇట మాకు ఇరువురు ప్రతికక్షులు గలరు. మొదటివారు రసికులు. కావ్యమును కచేరికి ఈడ్చి, వలపును వడ్డీలెక్కగా మార్చితిరని వీరు మాపై ఆగ్రహింతురు. అయ్యలారా! లెక్క మేము చొప్పించినది కాదు. పాత్ర ప్రవేశించిన వెంటనే వాని సాలుసరి రాబడిని చెప్పినది రచయిత్రియే. ఏల చెప్పినది? అది ఆమె బ్రతుకు గనుక. ఆమె మతాచార్యుని కూతురు. 1805వ సంవత్సరమున తండ్రి పోగా, తల్లియు ఇరువురు కూతుండ్రును అన్నదమ్ముల సాయముపై బ్రతికిరి. 1809లో ఒక అన్న చాటన్ గ్రామమున ఇల్లు చూపిన పిమ్మట గాని వారికి స్థిరమైన నెలవు లేకపోయెను. ఈ నవలకు తొలిరూపమును ఆమె 1796-97లో, ఇరువది యిరువదియొక్క ఏండ్ల ప్రాయమున వ్రాసినది. తండ్రి లండనులోని ప్రచురణకర్త కొకనికి జాబు వ్రాయగా, అతడు వ్రాతప్రతిని చూతమని గూడ అనక తిరుగుటపాలో వలదనెను. తుదకు 1813 జనవరిలో వెలువడినపుడు గ్రంథస్వామ్యము మొత్తమునకు ఆమెకు ముట్టినది 110 పౌండ్లు. పుస్తకముపై ఆమె పేరైనను లేదు. నేడు ఆమె బొమ్మ గల నోట్లు పదునొకండు లెక్కించి యిచ్చిన ఆ మొత్తము తీరును. ఇట్టి స్త్రీ లెక్క వ్రాసినచో అది నీరసమా? ఆ లెక్కలోనే గదా ఆమె రసము పండించినది!

రెండవ ప్రతికక్షులు దేశాభిమానులు. తెల్లవారి పెండ్లిగొడవలు మనకేల, ఇది మెకాలే విద్యాశేషము కాదా యని వీరి ప్రశ్న. నిజమే, 1835లో మన చదువుపై వ్రాసిన ఆ మెకాలేయే 1843లో ఈ రచయిత్రిని షేక్‌స్పియరు సమీపమున నిలిపి కొనియాడెను. కొనియాడినంత మాత్రమున ఆమె అతని సొత్తగునా? మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు గోల్డ్‌స్మిత్తు వ్రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' అను ఆంగ్లకుటుంబకథను చదివిరి. పరీక్ష కొరకు చదువలేదు. దానిచే ప్రేరితులై, 1878వ సంవత్సరమున, గోదావరీతీరపు కుటుంబమునే వస్తువుగా గొని 'రాజశేఖరచరిత్రము' వ్రాసి, మన యిండ్లలోని మౌఢ్యమును, డంబమును మనకే చూపిరి. పరాయి నవలను చదువుట దాస్యము కాదు. చదువక పొగడుటయు, చదువక తెగడుటయు దాస్యమే.

ఆస్టెన్ నవలలో లోపము లేదని మేమనము. డార్సీ పదివేల పౌండ్లు ఏ రైతు కౌలు చెల్లింపగా వచ్చినవో ఆమె చెప్పదు. ఇండ్లలో ఊడిగము చేయువారు పిలిచినపుడు వచ్చి మరల తెరమరుగగుదురు. ఇంకొక లోపము, న్యాయవాదులకు వెంటనే కనబడునది, గలదు. కథాంతమున ఇరువురు కూతుండ్రకు ధనవంతులతో వివాహమైనది. లాంగ్‌బోర్ను మాటయేమి? ఎన్‌టెయిలు తెగలేదు. తండ్రి పోయిన నాడు కాలిన్సే వచ్చి ఆ ఇంటి తాళము తీయును. అన్యాయము చెక్కుచెదరక నిలిచియుండగా, అదృష్టముచే ఇరువురు దాని కోరల నుండి తప్పించుకొనిరి. దీనిని సుఖాంతమని నోట్సు చెప్పుచున్నది. ఇది రచయిత్రి యెరుగక చేసినదని మేము తలపము. పెండ్లిబాజాలలో పాఠకుడు మరచునా, జ్ఞప్తియందుంచుకొనునా యని ఆమె పరీక్షించుచున్నట్లే మాకు తోచుచున్నది. మనలో పెక్కుమంది ఆ పరీక్షలో తప్పినవారమే.

ఆంగ్లేయులు 1870, 1882 సంవత్సరముల చట్టములచే పెండ్లియైన స్త్రీకి సొంత ఆస్తిని ఒప్పుకొనిరి. 1997 మొదలు క్రొత్త ఎన్‌టెయిలును వ్రాయుటయే చెల్లకుండ జేసిరి. మన హిందూ చట్టము సంగతి చూతము. 1956వ సంవత్సరపు వారసత్వ చట్టము కుమార్తెకు తండ్రి స్వార్జితమున భాగమిచ్చినది గాని, పిత్రార్జితమున పుట్టుకతో హక్కునీయలేదు. ఆ మార్గమున మొదట అడుగిడినది ఆంధ్రప్రదేశమే. 1986వ సంవత్సరపు సవరణచే కుమార్తెను కుమారునితో సమాంశభాగిని చేసినది. అంతకుముందే పెండ్లియైనవారికి మాత్రము దానిని వర్తింపనీయలేదు. 2005లో దేశమంతటను కుమార్తెలందరికి ఆ హక్కు వచ్చినది. ఆ హక్కు పుట్టుకతో వచ్చునదియే యనియు, 2005 నాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదనియు 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. కట్నము 1961 నుండియు నిషిద్ధము. కాగితము మీద మనము ఆస్టెన్ కాలపు ఇంగ్లాండును ఎంతయో దాటివచ్చితిమి.

ఇంటిలోనో? ఇంటిలో ఎన్‌టెయిలును వ్రాయ నక్కరలేదు. ఆడపిల్లచే సంతకము చేయించిన చాలును. హక్కు విడుదల దస్తావేజు అను పత్రము నెరుగని వకీలు మన జిల్లాలలో లేడు. పెండ్లినాడు పసుపుకుంకుమ క్రింద ఇచ్చినది చాలునని, అన్నదమ్ముల ఇంటికి రాకపోకలు నిలువవలెనని, చెల్లెలు తన భాగమును వదలుకొనును. చట్టరీత్యా అది తప్పు కాదు. మనసార ఇచ్చినవారును గలరు. కాని కొన్నియేండ్ల క్రిందట మేమే వ్రాసిన దస్తావేజు ఒకటి నేటికిని మమ్ము వేధించుచున్నది. అన్నయు, చెల్లెలును వచ్చిరి. ఆమె ఆంగ్లసాహిత్యమున పట్టభద్రురాలు. ఈ నవల తనకు పాఠ్యగ్రంథమని మాటలలో తానే చెప్పినది. ఎవరి బలవంతమును లేక, పూర్ణసమ్మతితో అను వాడుకమాటలను మేము వ్రాసితిమి. ఆమె పత్రమును చదువలేదు. "ఎక్కడ పెట్టాలండీ సంతకం?" అని మాత్రము అడిగినది. మేము వ్రేలితో చోటు చూపితిమి. చదువుడమ్మా యని ఒక్క మాట అనలేదు. మా రుసుము మాకు ముట్టినది. లాంగ్‌బోర్ను తండ్రి చేతులు ముడుచుకొనుటను నిందించు మేము ఆనాడు చేసినదేమి?

అందుచే మేము కోరునవి రెండే. అధ్యాపకమహాశయులు ఈ నవలను చెప్పునపుడు, వలపును చెప్పుటకు ముందు నల్లబల్లపై లెక్క వేయుదురు గాక: రాబడి యెంత, వారసుడెవడు, తలకెంత. అటుపిమ్మట ఎలిజబెత్ కాదన్న ఘట్టమును చదివించిన, పిల్లలకు ఆ మాట బరువు తెలియును. పఠనమందిరముల వారు నోట్సును అవతల పెట్టి, తెలుగుననైనను సరే, మొదటినుండి తుదిదాక నవలను చదివి వినిపింతురు గాక. వెనుక బల్లపై గూర్చున్న వృద్ధుడు అడుగు ప్రశ్నకు నవ్వక సమాధానము చెప్పుదురు గాక.

పాఠకులారా! చదివితిరా, మూసితిరా, సంతోషించితిరా? మంచిది. ఇక మీ యింటి బీరువా తెరచి దస్తావేజులు బయటికి తీయుడు. మీ కూతురును, మీ తోబుట్టువును పిలిచి ప్రక్కన గూర్చుండబెట్టుకొని, ఆ కాగితములను ఆమెచేతనే చదివింపుడు. ఆమె భాగమెంతో ఆమెకు తెలియనిండు. ఆ పిమ్మట ఆమె పుచ్చుకొనునో, వదలుకొనునో ఆమె యిష్టము. చదువకుండ మాత్రము సంతకము పెట్టనీయకుడు.